అమెరికాలో కౌన్సెలర్‌ని ఎంచుకునే ముందు

ఇన్సూరెన్స్ సైటులో థెరపిస్ట్ అని వెతికితే పేజీల కొద్దీ పేర్లు వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మన ఇంటిపేరు ఎక్కడ కనబడితే అక్కడ ఆగిపోతారు. అంతకంటే ముందు పేరు పక్కనున్న అక్షరాలు చూడండి.

ఎల్‌పీసీ (ప్రొఫెషనల్ కౌన్సెలర్), ఎల్‌సీఎస్‌డబ్ల్యూ (క్లినికల్ సోషల్ వర్కర్), ఎల్‌ఎంఎఫ్‌టీ (దాంపత్య, కుటుంబ థెరపిస్ట్) అని ఉన్నవాళ్లు మాస్టర్స్ చేసి, పర్యవేక్షణలో పనిచేసి, లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు. ఆందోళన, దిగులు, ఒంటరితనం లాంటివాటికి వీళ్లు చాలు. భార్యాభర్తల గొడవలకైతే ఎల్‌ఎంఎఫ్‌టీని చూడండి, వాళ్ల చదువే దాని మీద. సైకాలజీలో పీహెచ్‌డీ గానీ, సైడీ అనే డాక్టరేట్ గానీ చేసి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు సైకాలజిస్టులు. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ, ఆటిజం లాంటివి తేల్చే పరీక్షలు ఎక్కువగా చేసేది వీళ్లే. మందులు కావాలంటే సైకియాట్రిస్ట్ దగ్గరికో, సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరికో వెళ్లాలి. మీ ఫ్యామిలీ డాక్టర్ కూడా మొదలుపెట్టగలరు. పేరు పక్కన అసోసియేట్ అని ఉంటే కంగారు పడకండి. ఇంకా సీనియర్ పర్యవేక్షణలో గంటలు పూర్తిచేస్తున్నారని అర్థం. టెక్సస్‌లో ఎల్‌పీసీకి 3,000 గంటలు కావాలి, అందులో 1,500 నేరుగా క్లయింట్లతో గడపాలి. వీళ్ల ఫీజు తరచూ తక్కువే. లైఫ్ కోచ్ అని మాత్రమే ఉంటే లైసెన్స్ అవసరం లేని పని అని గుర్తుంచుకోండి. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు సైటులో పేరు కొడితే లైసెన్స్ నడుస్తోందా, క్రమశిక్షణ చర్యలున్నాయా అన్నది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ లైసెన్స్ ఏ రాష్ట్రానిదో కూడా చూడండి. సెషన్ సమయానికి మీరు ఎక్కడ కూర్చుని ఉంటే ఆ రాష్ట్రంలో వాళ్లకు అనుమతి ఉండాలి. ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్లేవాళ్లకు వీడియో థెరపీ మధ్యలో ఆగిపోయేది అందుకే.

ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థులకు ఈ అక్షరాలతో ఇంకో అవసరం పడుతుంది. ఆరోగ్యం బాగోలేక కోర్సులు తగ్గించుకోవాలంటే డీఎస్‌ఓకి (కాలేజీలో విద్యార్థి వీసాలు చూసే అధికారికి) ఇచ్చే ఉత్తరం ఎండీ డాక్టర్ గానీ, డీఓ డాక్టర్ గానీ, లైసెన్స్ ఉన్న సైకాలజిస్ట్ గానీ రాయాలి. ఎల్‌పీసీ, ఎల్‌సీఎస్‌డబ్ల్యూ రాసింది సరిపోదు. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో ముందు మాట్లాడేది చాలాసార్లు వీళ్లే కాబట్టి సంతకం ఎవరు పెడతారో మొదటిరోజే అడగండి. డీఎస్‌ఓ ఆమోదం వచ్చాకే కోర్సు డ్రాప్ చెయ్యాలి. తొందరపడి ముందే చేస్తే స్టేటస్‌కే ముప్పు. ఒక్కో డిగ్రీ స్థాయికి ఈ వెసులుబాటు మొత్తం కలిపి 12 నెలలు దాటదు.

ఇక పద్ధతి సంగతి. ఎక్కువ ప్రొఫైళ్లలో కనబడేది సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను పరీక్షించి మార్చుకునే థెరపీ, 1960లలో సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ రూపొందించినది. వారానికొకటి చొప్పున, ఒక్కొక్కటి 45 నుంచి 50 నిమిషాలు, సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు. ఇందులో ఇంటిపని ఉంటుంది. ఉదాహరణకు మేనేజర్ నుంచి "ఒకసారి కాల్ చెయ్యగలవా?" అని మెసేజ్ వచ్చింది, గుండె దడ మొదలైంది. కాగితం మీద గడులు గీస్తారు: ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, భయం నూటికి ఎంత, దానికి ఆధారమేంటి, ఎదురు ఆధారమేంటి, అన్నీ చూశాక భయం ఎంత. మొదటి గడిలో మెసేజ్, రెండో గడిలో "ఉద్యోగం పోయినట్టే", మూడో గడిలో 85.

వీసా బతుకు తెలియని కౌన్సెలర్ పొరబడేది ఇక్కడే. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, దేశం వదలడానికో మహా అయితే 60 రోజుల గడువు. ఆ భయానికి అసలు కారణం ఉంది. "మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు" అని తేల్చేస్తే మీరు మూడో వారానికల్లా మానేస్తారు. పని తెలిసినవాళ్లు రెండు ప్రశ్నలను విడదీస్తారు. ఆ మెసేజ్‌కీ ఉద్యోగం పోవడానికీ సంబంధం ఉందనడానికి ఆధారం ఎంత? నిజంగానే పోతే మొదటి వారం ఏం చేస్తారు? మొదటిది గడుల్లో తేలుతుంది. రెండోదానికి ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబరు, సరిచేసిన రెజ్యూమె, చేతిలో కొన్ని నెలల ఖర్చు ఉండాలి. ఆ ప్లాన్ రాశాక నిద్ర పట్టేవాళ్లున్నారు. అలాగే అమ్మానాన్నలకు డబ్బు పంపడం గురించి చెప్పగానే "వాళ్లకు నో చెప్పండి" అనేవాళ్లు, మీకు అందులో ఉన్న ఇష్టమెంత, ఒత్తిడెంత అని అడగకపోతే, మీకు కుదరరు.

సైకాలజిస్ట్ మార్షా లినెహన్ రూపొందించిన డీబీటీ అనే థెరపీ, ఉద్వేగాలు అదుపు తప్పి తమకు తాము హాని చేసుకునేవాళ్లకు పనికొస్తుంది. యాక్సిడెంట్, దాడి లాంటివి వెంటాడుతుంటే ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాల మీద పనిచేసే పద్ధతి) గురించి అడగవచ్చు. ప్రొఫైల్‌లో పదిహేను పద్ధతులకు టిక్ పెట్టి ఉంటే నమ్మేయకండి. చాలామంది మొదట ఉచితంగా పావుగంట మాట్లాడతారు. అప్పుడు "నాలాంటి సమస్యకు ఏది వాడతారు, మొదటి నాలుగు సెషన్లలో ఏం చేస్తాం?" అని అడగండి. సూటిగా చెప్పలేకపోతే ఇంకొకరిని చూసుకోండి. తెలుగు కౌన్సెలర్ అయితే మీకు ఉమ్మడిగా తెలిసినవాళ్లు ఉన్నారేమో ముందే తేల్చుకోండి. స్నేహితులకు, బంధువులకు థెరపీ చెయ్యడం వాళ్ల వృత్తి నియమాలకు విరుద్ధం.

ఆఫీసు ఈఏపీ (ఉద్యోగుల సహాయ పథకం) ద్వారా కొన్ని సెషన్లు ఉచితంగా దొరుకుతాయి, మీరు అక్కడ చెప్పింది మేనేజర్‌కు చేరదు. దిగులుకు కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆగదు. గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో చూసేది మానసిక రుగ్మత వల్ల తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన. గోప్యతకు మినహాయింపులున్నాయి: ప్రాణాపాయం, పిల్లల మీద హింస అనుమానం, కోర్టు ఆదేశం. ఒక సంగతి చాలామందికి తెలియదు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు భర్త ఇన్సూరెన్స్ వాడితే ఏ చికిత్సకు ఎంత చెల్లించారో చూపే ఈఓబీ కాగితం పాలసీ ఉన్న భర్త పేరుకే వెళ్లవచ్చు. అది బయటపడితే మీకు ప్రమాదమనిపిస్తే, వేరే అడ్రసుకు పంపమని ముందే ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి.

దిగులు ఎంతుందో కొలవడానికి మొదటిరోజు ఇచ్చే పీహెచ్‌క్యూ-9 ఫారంలో తొమ్మిది ప్రశ్నలు, మార్కులు 0 నుంచి 27. పది గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాల్సిన దిగులే. చివరిది చావు ఆలోచనల గురించి. భయపడి సున్నా పెట్టకండి, ఆ ఆలోచన వచ్చిందని చెప్పినంత మాత్రాన ఆసుపత్రిలో పెట్టేయరు, ఎంత తీవ్రమో ఇంకా అడుగుతారు. నాలుగైదు సెషన్ల తర్వాత అదే కాగితం మళ్లీ నింపమనండి. మార్కు కదలకపోతే పద్ధతి మార్చమని అడగవచ్చు, కౌన్సెలర్‌నే మార్చుకోవచ్చు. వాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు, వాళ్లే ఇంకొకరి పేరు చెబుతారు. అపాయింట్‌మెంట్ దాకా ఆగలేని రాత్రి వస్తే 988 అత్యవసర హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, లేదా మెసేజ్ పెట్టండి. ఏ వేళైనా పలుకుతారు, వీసా స్టేటస్‌తో పని లేదు.