చర్మానికొక డాక్టరు, మనసుకొక డాక్టరు: రెండూ కలిపి చూసేదెవరు?

ప్రశ్న: నా వయసు 31. కొన్నేళ్లుగా సోరియాసిస్‌తో బాధపడుతున్నాను. ఈ మధ్య సరిగా నిద్ర పట్టడం లేదు, నలుగురిలోకి వెళ్లాలంటే భయంగా ఉంటోంది. చర్మవైద్యులకు చెబితే టెన్షన్ తగ్గించుకోమన్నారు. మానసిక వైద్యుల దగ్గరికి వెళితే, ముందు చర్మం తగ్గనివ్వండి అన్నారు. రెండింటినీ కలిపి చూసే వైద్యం ఉందా? ఉంటే ఎలా అందుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. దాన్ని సైకోడెర్మటాలజీ అంటారు. కొన్ని పెద్ద బోధనాసుపత్రులలో చర్మవైద్యులు, మానసిక వైద్యులు ఒకే గదిలో కూర్చుని రోగిని చూసే ఉమ్మడి క్లినిక్‌లు నడుస్తున్నాయి. అయితే అలాంటివి ఎక్కడైనా తక్కువే కాబట్టి, వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే, మీకు ఇప్పటికే ఉన్న ఇద్దరు డాక్టర్ల మధ్య రాకపోకలు ఏర్పడేలా చూసుకోవడం మేలు. నిజానికి ఆ పని వాళ్లు చేయాలి. చేయనప్పుడు మీరే అడగాలి.

మీకు దొరికిన రెండు సలహాలూ సగం సగమే. ఒత్తిడిలో ఉన్నప్పుడు చర్మంలోని నరాల చివరల నుంచి విడుదలయ్యే రసాయనాలు వాపును, దురదను పెంచుతాయి. దురద వల్ల నిద్ర చెడుతుంది, నిద్ర లేకపోతే దిగులు ముదురుతుంది. సోరియాసిస్‌లో గోకిన చోట, గీరుకున్న చోట కొత్త మచ్చలు లేవడం కూడా ఉంది. కాబట్టి టెన్షన్ తగ్గించుకోమనడం సలహాయే గానీ చికిత్స కాదు. ఇక చర్మం తగ్గేదాకా ఆగమన్న మాటకు వస్తే, కుంగుబాటులో ఉన్న మనిషికి రోజూ శ్రద్ధగా పూతమందు రాసుకునే ఓపిక ఉండదు. అప్పుడు చర్మం తగ్గేదెలా?

ఈసారి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు, బాధగా ఉందని చెప్పి ఊరుకోకండి. 1994 నుంచి వాడుకలో ఉన్న ‘డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్’ అనే ప్రశ్నావళిని నింపుతానని అడగండి. అందులో గడిచిన వారం గురించి 10 ప్రశ్నలుంటాయి: ఎంత దురద పెట్టింది, ఎంత సిగ్గుపడ్డారు, ఏ బట్టలు వేసుకోవాలన్నది చర్మాన్ని బట్టి నిర్ణయించుకోవలసి వచ్చిందా, ఇలాంటివి. మొత్తం మార్కులు 30. 10 దాటితే జబ్బు జీవితాన్ని బాగా దెబ్బతీస్తున్నట్లు లెక్క. మోచేతి మీద రెండు మచ్చలే ఉన్నవారికి కూడా ఎక్కువ మార్కులు రావచ్చు, పైకి చూసి ఎవరూ అంచనా వేయలేనిది అదే. కుంగుబాటును పట్టుకోవడానికి మాత్రం ఇది చాలదు. దానికి గత రెండు వారాల గురించి అడిగే ‘పీహెచ్‌క్యూ-9’ అనే ప్రశ్నావళి వేరే ఉంది. దాన్ని కుటుంబ వైద్యులైనా నింపించగలరు.

ఆ తరువాత మానసిక వైద్యుల పేరిట రిఫరల్ ఉత్తరం రాసివ్వమని అడగండి. అందులో జబ్బు పేరు, ఈ మార్కులు, వాడుతున్న మందులన్నీ ఉండాలి. మందుల జాబితా లాంఛనం కోసం కాదు. మానసిక వైద్యంలో వాడే లిథియం, గుండెదడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ సోరియాసిస్‌ను పెంచగలవు. నోటి ద్వారా వాడే స్టెరాయిడ్లు నిద్రను, మనఃస్థితిని చెదరగొట్టగలవు. ఇవి చదివి ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు, ముఖ్యంగా స్టెరాయిడ్లు. మానసిక వైద్యులు దొరకడం ఆలస్యమైతే, ఆలోచనల తీరును మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని సైకాలజిస్టు దగ్గర మొదలుపెట్టవచ్చు. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడు దగ్గరలోని ఎమర్జెన్సీ విభాగానికి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ రాశారు. దానివల్ల డిప్రెషన్ వస్తుందని విని భయపడుతున్నాం. వాడు అద్దం ముందు నిలబడి మొటిమలు గిల్లుతూనే ఉంటాడు.
- ఒక తండ్రి

జవాబు: ఈ మందు వాడేవారిలో కొందరికి మనఃస్థితి మారిన సందర్భాలు నమోదైనందువల్లే హెచ్చరిక ఇస్తారు, అయితే తీవ్రమైన మొటిమలే దిగులుకు కారణమవుతాయన్నదీ నిజం. మొదలుపెట్టే ముందే మీ ఇంట్లో ఎవరికైనా మానసిక సమస్యలు ఉన్నాయేమో డాక్టరుకు చెప్పండి, ప్రతి విజిట్‌లోనూ మనసు ఎలా ఉందో అడగమనండి. వాడు మాట్లాడడం తగ్గించినా, చిరాకు పెరిగినా, నిద్ర చెదిరినా తదుపరి తేదీ దాకా ఆగకుండా చెప్పాలి. గిల్లడం మానలేకపోతున్నాడంటే అది మొండితనం కాకపోవచ్చు, దానికి అలవాటు మార్పించే శిక్షణ వేరే ఉంటుంది, తిట్టి మాన్పించలేరు. కన్సల్టేషన్‌లో కొంతసేపు మీరు బయట కూర్చుని, వాడిని ఒంటరిగా డాక్టరుతో మాట్లాడనివ్వండి. ఆ వయసు పిల్లలు కొన్ని మాటలు తల్లిదండ్రుల ఎదుట చెప్పరు.