కాపలా కుక్క ఇంటివాళ్ల మీదికే ఎగబడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేకల పాక దగ్గర కాపలాకి ఏడు నెలల అల్సేషన్ క్రాస్ మగకుక్కను పెంచుతున్నాం. రోషంగా ఉంటుందని చిన్నప్పటి నుంచి కట్టేసే ఉంచాం. ఇప్పుడు పాలకు వచ్చే కుర్రాడి మీదికే కాదు, మా మనవడి మీదికీ ఎగబడుతోంది. అమ్మేయమంటారా?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: తొందరపడి అమ్మకండి. మీరు రాసినదాన్ని బట్టి అది భయంతోనే ఎగబడుతోంది అనిపిస్తోంది. ఈసారి మొరిగేటప్పుడు గమనించండి. చెవులు వెనక్కి వాలి, తోక కాళ్ల మధ్యకు పోయి, ముందుకు దూకి మళ్లీ వెనక్కి తగ్గుతుంటే అది బెదిరిన కుక్కే. గొలుసుతో ఉంది కాబట్టి పారిపోలేదు, ఇక కరవడానికే చూస్తుంది.

కుక్కపిల్ల మనుషులకు, పిల్లలకు, చప్పుళ్లకు తేలిగ్గా అలవాటుపడేది సుమారు 3 నుంచి 14 వారాల వయసులో. అప్పుడు ఎవరినీ చూడని పిల్లకు పెద్దయ్యాక ప్రతి కొత్త మనిషీ ప్రమాదంగానే కనిపిస్తాడు. తల్లిదండ్రుల నుంచి వచ్చే స్వభావమూ కొంత ఉంటుంది గానీ, మీ కుక్క విషయంలో పెంపకం లోటే ఎక్కువ. అందరికీ అలవాటైతే కాపలా కాయదని మీరు బెంగపడక్కర్లేదు. రోజూ వచ్చేవాళ్లు ఎవరో తెలిసిన కుక్కే అర్ధరాత్రి వచ్చిన కొత్త మనిషిని ఇట్టే పసిగడుతుంది.

ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిలో చీము పట్టినా, ఒంట్లో నొప్పి ఉన్నా కుక్కలు చిరాకుపడి కరుస్తాయి. రేబీస్ టీకా వేయించకపోతే అదే రోజు వేయించండి. వృషణాలు తీయించినంత మాత్రాన భయం పోదు.

పగలంతా కట్టేయడం మానేసి, కంచె వేసిన జాగాలో నీడ, నీళ్లు చూసి వదలండి. పాలకుర్రాడు వచ్చే వేళకు మీరే పట్టీతో పట్టుకోండి. కుక్క అతన్ని చూసి కూడా మొరగకుండా ఉండేంత దూరంలో అతన్ని ఆగమనండి. అతను కనిపించగానే ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి, వెళ్లిపోగానే ఆపేయండి. దూరం రోజుకు కొంచెమే తగ్గించాలి. మళ్లీ మొరిగిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, రెండడుగులు వెనక్కి జరగండి. కొట్టొద్దు. దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానేసి, హెచ్చరిక లేకుండానే కరవడం నేర్చుకుంటుంది. ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది.

మనవణ్ని మాత్రం ఈ ప్రయోగంలోకి తేవద్దు. కుక్కకు, బాబుకు మధ్య ఎప్పుడూ కంచె ఉండాలి.

ఇప్పటికే ఎవరికైనా పన్ను దిగి ఉంటే, గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.