అలాస్కాలో గ్రిజ్లీ వేట: గైడ్‌కి డబ్బు కడితే ఎలుగు ఖాయమా?

మీరడిగినవి రెండు. విదేశీయులు అలాస్కాలో గైడ్ లేకుండా గ్రిజ్లీ ఎలుగును వేటాడొచ్చా? గైడ్‌కి అంత డబ్బు పోశాక ఎలుగు ఖాయమేనా? మొదటిది కుదరదు. రెండోదానికి నేను చూసిందే చెప్తాను.

నేను అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటాను. టెక్సస్‌లో ఉండే నా స్నేహితుడు సెప్టెంబరులో బ్రూక్స్ పర్వతాలకు వేటకొస్తే, తుపాకీ లేకుండా తోడుగా వెళ్లాను. పది రోజులు. వేరే రాష్ట్రాల అమెరికన్లకు లైసెన్సున్న గైడైనా, అలాస్కాలో స్థిరపడిన దగ్గరి బంధువైనా వెంట ఉండాలి. విదేశీయులకు ఆ బంధువు వెసులుబాటు లేదు, గైడే. గైడ్ ఫీజు కాక, ట్యాగ్‌కి (ఒక ఎలుగును వేటాడే అనుమతి చీటీకి) 1,000 డాలర్లు, విదేశీయులకైతే 1,300.

లావుపాటి టైర్ల సూపర్ కబ్ విమానం మమ్మల్ని ఒక్కొక్కరినే తెచ్చి ఏటి పక్కన గులకరాళ్ల మేట మీద దింపింది. ఆఖరున దిగింది నేను, సాయంత్రం నాలుగింటికి. గంట తిరక్కముందే ఎదుటి వాలు మీద పెద్ద ఎలుగు కనపడింది. నేల ఉడుతల కోసం మట్టి పెళ్లగిస్తోంది. నా స్నేహితుడి చేతులు వణికాయి. గైడ్ మాత్రం తుపాకీ ఒరలోంచి తీయనివ్వలేదు. విమానంలో వచ్చిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 దాటాలి. పైనుంచి జంతువును చూసుకుని, పక్కనే దిగి కాల్చేయకుండా పెట్టిన నియమం అది. చుట్టుపక్కల చూసేవాడు, అడిగేవాడు ఎవరూ లేరు. అయినా ఆయన టీ పెట్టుకుని, చీకటి పడేదాకా ఆ ఎలుగును చూస్తూ కూర్చున్నాడు. తెల్లారేసరికి పొగమంచు. మంచు విడేసరికి అక్కడ మోకాలి లోతు గుంటలే మిగిలాయి.

ఆ తర్వాత మూడు రోజులు గుడారం దాటలేదు. మిగతా రోజుల్లో దిబ్బ మీద కూర్చుని బైనాక్యులర్‌తో వాలు వాలూ గాలించడమే పని. గాలి మా వైపు నుంచి లోయలోకి మళ్లిందంటే మా వాసన ఎలుగులకు తగిలినట్టే, ఇక ఆ పూట లేచి వచ్చేయడమే. తుప్పల్లా లేచిన గడ్డి దుబ్బుల మధ్య అడుగేస్తే చీలమండ మడత పడుతుంది. కాళ్లకు బలం లేకుండా రాకండి.

ఎనిమిదో రోజు ఇంకో ఎలుగు కనపడింది. గైడ్ గంటన్నర స్కోపులోంచి కన్ను తీయలేదు. తలతో పోలిస్తే చెవులు పెద్దగా కనపడుతున్నాయి, అంటే వయసు చిన్నది, ఆడదీ కావచ్చు అన్నాడు. ఇక్కడి గ్రిజ్లీలకు తీరప్రాంతపు ఎలుగుల్లా సాల్మన్ చేపల విందు ఉండదు. ఆలస్యంగా ఈనుతాయి, ఏళ్ల ఎడంతో ఈనుతాయి. ఒక ఆడది పోతే ఆ లోయ కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. నా స్నేహితుడే తుపాకీ దించేశాడు. ఆ క్షణంలో ఇద్దరి మీదా నాకు గౌరవం పెరిగింది. వట్టి చేతులతోనే తిరిగొచ్చాం, ఫీజులో ఒక్క డాలరూ వెనక్కి రాలేదు.

కెనడా కూడా చూస్తున్నట్టయితే, అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2017 డిసెంబరులోనే గ్రిజ్లీల లైసెన్సు వేటను ఆపేసింది. అలాస్కాలోనే అయితే, గైడ్‌తో మాట్లాడేటప్పుడు ఎంతమందికి ఎలుగు దొరికిందని అడగడంతో ఆపకండి, ఎలాంటివాటిని వదిలేశారో కూడా అడగండి. దొరికితే తోలు, పుర్రె 30 రోజుల్లోగా రాష్ట్ర వన్యప్రాణి శాఖకు చూపించి సీలు వేయించుకోవాలి. దేశం దాటించాలంటే సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి కూడా కావాలి.