కొట్టం పక్కన గుండ్రటి గది

ప్రశ్న: స్కాట్లాండ్‌లో ఒక పాత వ్యవసాయ క్షేత్రం ఫొటో చూశాను. ధాన్యం కొట్టానికి ఆనుకుని గుండ్రటి గది ఉంది. అదేంటండీ?

జవాబు: అది గుర్రాలు తిరిగే చోటండీ! నూర్పిడి యంత్రం కొట్టం లోపల ఉంటే, దాన్ని నడిపే గుర్రాలు ఈ గదిలో గానుగెద్దుల్లా చుట్టూ తిరిగేవి, ఆ తిరుగుడు పళ్లచక్రాలు, ఇరుసుల ద్వారా లోపలికి చేరి డ్రమ్ముని గిర్రున తిప్పేది. రోలర్ల మధ్య నుంచి పనలు లోపలికి వెళ్తే డ్రమ్ము మీది పట్టీలు వెన్నులను కొట్టి గింజ రాల్చేవి. స్కాట్లాండ్‌లోని ఈస్ట్ లోథియన్‌కి చెందిన ఆండ్రూ మీకిల్ 1786 ప్రాంతంలో ఈ నూర్పిడి యంత్రాన్ని తయారుచేసి, 1788లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చలికాలమంతా కర్రలతో కొట్టడమే, ఎంత చాకిరీ! వాగు ఉన్నచోట నీటి చక్రం పెట్టుకున్నారు, తర్వాత ఆవిరి ఇంజన్లు వచ్చాయి. కొన్ని పాత కొట్టాల పక్కన ఇప్పటికీ నిలబడి ఉన్న పొగగొట్టాలు వాటివే.