మీ ఉత్తరంలో ఇరవై మూడు ‘అట’లు

విజయవాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. వయసు నలభై మూడు, ట్రెజరీ కార్యాలయంలో సీనియర్ అకౌంటెంటు. భర్త, పదిహేనేళ్ళ కూతురు, పదేళ్ళ కొడుకు ఉన్నారు. పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. తండ్రి 2019లో పోయారు, తల్లి అన్నావదినల దగ్గరే ఉంటున్నారు, తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క గుంటూరులో స్థిరపడ్డారు. వదిన తన గురించి నలుగురిలో తేలిక చేసి మాట్లాడుతోందనీ, నాన్నగారి మూడెకరాల మాగాణి తన పేరున రాయించుకుందనీ, అమ్మకు వేళకు కాఫీ కూడా ఇవ్వడం లేదనీ తెలిసి ఏడాదిన్నరగా ఆమెతో మాటలు మానేశానని రాశారు. వచ్చే మాఘంలో సొంత ఇంటి గృహప్రవేశం ఉందనీ, దానికి అన్నయ్యను పిలిచి వదినను పిలవకుండా ఉండడానికి మర్యాదైన మార్గం చెప్పమనీ అడిగారు.

అలాంటి మార్గం లేదు. అన్నయ్యను పిలిస్తే వదినను పిలిచినట్టే, వదినను మానేస్తే అన్నయ్యను అవమానించినట్టే. పుట్టింటివారు బట్టలు తెచ్చి పెట్టే వేళ ఆయన పక్కన ఎవరు నిలబడాలో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇద్దరినీ పిలవండి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతే. ఇక మీరు అడగని దాని గురించి రాస్తాను.

మీ ఉత్తరం ఒకసారి మామూలుగా చదివి, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. ‘అట’ అనే మాట ఇరవై మూడు చోట్ల ఉంది. ‘అక్క చెప్పింది’ అన్నది పద్నాలుగు సార్లు వచ్చింది. ‘అందరూ అంటున్నారు’ ఆరు సార్లు వచ్చినా ఆ అందరూ ఎవరో ఒక్కసారీ రాయలేదు. ‘నేను చూశాను’ అన్న మాట ఒక్కచోట ఉంది. ‘నాకు అనిపించింది’ అన్నది ఎక్కడా లేదు. రాతలో ‘అట’, నోటిమాటలో ‘అంట’ అయ్యే ఈ రెండక్షరాలు మన భాషలో చాలా సౌకర్యమైనవి, ఎందుకంటే ఎంత పెద్ద నిందనైనా వాటి మీద ఆనించి పలికేయవచ్చు, రేపు అది అబద్ధమని తేలితే మనం పూచీ పడనక్కరలేదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఈ లెక్క కాదు. మొదటి పేజీలో, ‘బియ్యం బస్తాకు తప్ప ఈవిడ మా గడప తొక్కదు అని వదిన అందట’ అని రాశారు. మూడో పేజీకి వచ్చేసరికి, ‘బియ్యం బస్తాకు తప్ప గడప తొక్కనని నన్ను అన్న మనిషిని నా ఇంట్లోకి ఎలా రానివ్వను?’ అని అడుగుతున్నారు. మధ్యలో ఆ ‘అట’ ఎక్కడ జారిపోయింది? ఈ రెండు పేజీల మధ్య కొత్తగా ఏమీ జరగలేదు, ఎవరూ వచ్చి సాక్ష్యం చెప్పలేదు, మీరే రాసుకుంటూ రాసుకుంటూ విన్నమాటను జరిగిన సంగతిగా మార్చేశారు. పోనీ, ఆ మాట ఎవరు విన్నారు? మీరే రాసిన ప్రకారం, పాలకేంద్రం దగ్గర వదిన ఎవరితోనో అంటుండగా ఎదురింటావిడ విన్నదట, ఆవిడ మీ పిన్నికి చెప్పిందట, పిన్ని అక్కకు ఫోను చేసింది, అక్క మీకు చేసింది. పాలు పోసుకుని వచ్చేవాళ్ళ మధ్య సగం వినపడిన మాట గుంటూరు మీదుగా విజయవాడ చేరింది. పద్దెనిమిదేళ్ళుగా ట్రెజరీలో పనిచేస్తున్న మీరు, వోచరు జతచేయని బిల్లు వస్తే అది ఎంత పెద్ద అధికారి పంపినదైనా ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపుతారు కదా. కాగితం కళ్ళబడందే నాలుగు వందల రూపాయలు పాస్ చేయని మనిషి, కట్టుకున్న సంబంధాన్ని నలుగురి నోళ్ళు మారి వచ్చిన ఒక్క వాక్యానికి ఎలా తెగ్గొట్టారు?

మీరు కళ్ళతో చూశానన్న ఆ ఒక్క సంగతి ఏమిటంటే, రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు మీ అబ్బాయికి నువ్వులు పడవని వదిన గుర్తుపెట్టుకుని, అరిసెలన్నిటికీ నువ్వులు అద్దుతూ వాడి కోసం పది అరిసెలు అద్దకుండా తీసి, విడిగా కాగితంలో చుట్టి, కలిసిపోకుండా దాని మీద వాడి పేరు రాసి ఇచ్చింది. నూనెలో అరిసె మాడిపోతుందని ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో చెక్కలు పట్టుకుని పొయ్యి ముందు సతమతమయ్యే వేళ ఒక పిల్లవాడి నాలుక గుర్తుండడం చిన్న విషయం కాదు. కానీ ఆ వెంటనే మీరు రాసిన వాక్యం, ‘ఏదో ఆశించే అలా చేసి ఉంటుందని అక్క అంది’ అని. మీ కంటితో చూసినదాన్ని కూడా అక్క దగ్గరకు పట్టుకెళ్ళి అర్థం చెప్పించుకుని వచ్చారు. అమ్మ విషయంలోనూ ఇంతే. ఫోనులో అమ్మ ‘బాగానే ఉన్నానమ్మా’ అంటే, ‘భయపడి అలా అంటుంది’ అని అక్క చెప్పింది కాబట్టి ఆ మాట లెక్కలోకి రాలేదు. మంచి చేస్తే నటన, చేయకపోతే అసలు బుద్ధి అని ముందే తీర్మానించుకున్నాక ఇక ఆ వదిన ఏం చేస్తే మీ కోర్టులో గెలుస్తుంది?

మీకు కోపం వచ్చినా సరే, మీ సమస్య వదిన కాదు, అక్క. అమ్మకు ఉబ్బసం ఎక్కువై మంచాన పడితే మీకు జడ వేసి బడికి పంపింది ఆమెనని, తన పెళ్ళయ్యాక మిమ్మల్ని గుంటూరు తీసుకెళ్ళి మూడేళ్ళు ఇంట్లో పెట్టుకుని డిగ్రీ చదివించిందని రాశారు. అలాంటి అక్క ఉండడం అదృష్టం, ఆ రుణం నిజం. ఆమెకు ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టి వెళ్ళండి, ఆమె పిల్లల శుభకార్యాలకు అందరికంటే ముందు నిలబడండి. కానీ మూడేళ్ళు అన్నం పెట్టినందుకు నలభై మూడేళ్ళ వయసులో కూడా ఆమె ఎవరిని ద్వేషిస్తే వాళ్ళను ద్వేషించడం కృతజ్ఞత కాదు, గంగిరెద్దు తల ఊపడం. మీ ఆయన ‘నీ బుర్రను గుంటూరులో తాకట్టు పెట్టావు’ అన్నారని బాధపడ్డారు. అనవలసిన తీరు అది కాదు, కానీ ఆయన మీద కోపంలో కూడా మీరు ‘అక్కకు చెబితే ఆయనకు మా కుటుంబమంటే గౌరవం లేదంది’ అనే రాశారు తప్ప, ఆ మాటలో నిజమెంతో మీరు ఆలోచించుకున్నట్టు రాయలేదు.

మరో విషయం. అమ్మ తన కాసులపేరు వదినకు ఇచ్చినప్పటి నుంచి అక్కకు మనసు విరిగిందని ఒకే ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయారు. ఆ కాసులపేరు మీద మీకు ఆశ లేదనీ మీరే అన్నారు. అంటే ఈ తగాదా అక్కకూ వదినకూ మధ్యది, దానికొక కారణం ఉంది, ఆ కారణం న్యాయమైనదే కావచ్చు. మీకు మాత్రం సొంత కారణం లేదు, అక్క కోపాన్ని అరువు తెచ్చుకుని కాపురం చేస్తున్నారు. నేను కూడా ఒకప్పుడు ఒక శ్రావణమాసం నుంచి మరో శ్రావణం దాకా మా తోడికోడలితో మాట్లాడలేదు. ఒకరోజు ఆమే వచ్చి ‘నేనేం చేశాను?’ అని అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఇంకొకరి మాట తప్ప ఒక్క ముక్క లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

పొలం సంగతి. ‘పెళ్ళయిన ఆడపిల్లలకు వాటా రాదట, లాయరు చెప్పాడట’ అని రాశారు. లాయరు అలా చెప్పి ఉంటే తప్పు చెప్పాడు, ఎవరో లాయరు పేరు చెప్పి ఉంటే అది ఇంకో ‘అట’. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 1986 నాటి సవరణే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు మగపిల్లలతో సమానమైన హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలందరికీ వర్తించింది, అప్పటికి మీకు మూడేళ్ళు, అక్కకు పన్నెండేళ్ళు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా అదే హక్కు వచ్చింది. ఆ పొలం నాన్నగారి స్వార్జితమైతే, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, అమ్మకూ మీ ముగ్గురికీ సమానంగా నాలుగు వాటాలు. ఇక వదిన పేరున మారిందా లేదా అన్నది ఎవరినీ అడగనక్కరలేదు. సర్వే నంబరు మీ దగ్గర ఉంటే ప్రభుత్వ భూమి రికార్డుల ‘మీభూమి’ వెబ్‌సైటులో పొలం ఎవరి పేరున ఉందో చూపే 1-బి, అడంగల్ తీయడం పది నిమిషాల పని, 2015 నుంచి అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. పొలానికి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం, తీయిస్తే రిజిస్ట్రేషన్ జరిగిందో లేదో తేలిపోతుంది. ఏడాదిన్నర నిద్ర పాడుచేసుకున్నారు గానీ ఈ కాగితం మాత్రం తీయించలేదు. తీశాక నిజంగానే పేరు మారి ఉంటే నిలదీయండి, అవసరమైతే కోర్టుకు వెళ్ళండి, నేను వద్దనను.

అమ్మను చూసుకోవడం గురించి మాత్రం నా అభిప్రాయం కాస్త కటువుగానే చెప్పాలి. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కొడుకును, కూతురిని, పెద్దవారైన మనవలను మనవరాళ్ళను బాధ్యులను చేసింది, కోడలి పేరు అందులో లేదు. చట్టం అడగని పనిని ఆరేళ్ళుగా చేస్తున్న మనిషికి, చట్టం అడిగిన ఇద్దరు కూతుళ్ళు ఫోనులో మార్కులు వేస్తున్నారు. అమ్మ స్థితి మీద నిజంగా అనుమానం ఉంటే ఒక ఆదివారం వెళ్ళి ఆమె పక్కన రెండు పూటలు కూర్చోండి. మందుల డబ్బా విప్పి చూడండి, పక్కబట్టలు చూడండి, మధ్యాహ్నం ఏం తిన్నదో చూడండి. చూసినది బాగోలేకపోతే అమ్మను మీ కొత్త ఇంటికి తెచ్చుకోండి.

ఆ ఆదివారం అక్కను వెంట తీసుకెళ్ళకండి. వదినను వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, ‘వదినా, బియ్యం బస్తా గురించి నువ్వొక మాట అన్నావని నా చెవిన పడింది, అన్నావా?’ అని అడగండి. మోసినవాళ్ళ పేర్లు చెప్పకండి. ఆమె అనలేదంటే ముఖం చూసి మీరే తేల్చుకోండి. అన్నానంటే అక్కడే, మీ సొంత గొంతుతో దెబ్బలాడండి. అంతకంటే కష్టమైన పని ఆ రాత్రిది. తొమ్మిదింటికి అక్క ఫోను వస్తుంది. ఆ రోజు జరిగింది ఆమెకు చెప్పకండి. కనీసం వారం రోజులు అది మీ ఒక్కరి దగ్గరే ఉండాలి, లేకపోతే దానికి కూడా అర్థం గుంటూరులోనే తయారవుతుంది. ఇకపై ఆమె ఏదైనా చెబితే, ‘నువ్వు చూశావా అక్కా?’ అని నెమ్మదిగా అడగండి. మొదట్లో నొచ్చుకుంటుంది, నొచ్చుకోనివ్వండి.

నేను ఇంత గట్టిగా రాయడానికి కారణం మీ నాలుగో పేజీ. గృహప్రవేశం మాట వచ్చినప్పుడు అన్నం తింటూ మీ అమ్మాయి, ‘అత్తయ్య మంచిది కాదంట కదమ్మా’ అన్నదని, పిల్లకు కూడా తెలిసిపోయిందని మీరు కొంచెం గర్వంగానే రాశారు. ఆ పిల్లకు తెలిసినది ఏమీ లేదు. ప్రతి సంక్రాంతికీ తలంటు పోసిన అత్తయ్యను ‘అంట’ అని ఎలా కొట్టిపారేయాలో మాత్రం నేర్చుకుంది.

పల్లె నుంచి వచ్చాక శుభలేఖలు పంచేటప్పుడు వదినకు వాట్సాప్‌లో పంపకండి, వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. ఆమె వస్తే నేను రానని అక్క అంటే వాదించకండి, తిథి సమయం మరోసారి చెప్పి ఫోను పెట్టేయండి. పెట్టుబడి చీరలు ఇద్దరికీ ఒకే ధరలో తీసుకోండి. రంగులు ఏవి బాగుంటాయో మాత్రం దుకాణంలో నిలబడి ఎవరికీ ఫోను చేయకండి.