ఆరో తేదీయా, పదిహేనో తేదీయా?

పాత సినిమాలు, నాటకాలు, పాటల గురించి మీరడిగినవి, మాకు తెలిసిన జవాబులు

ప్రశ్న: మా వీధిలో తెలుగువాళ్ళం కలిసి తెలుగు సినిమా పుట్టినరోజు చేద్దామనుకున్నాం. ఒక పెద్దాయన సెప్టెంబరు 15 అంటారు, ఇంకొకాయన ఫిబ్రవరి 6 అంటారు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. హాలు బుక్ చెయ్యాలి, తేదీ మీరే తేల్చండి. – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఫిబ్రవరి 6కే బుక్ చేసుకోండి. సెప్టెంబరు పెద్దాయన్ని మాత్రం ఏమీ అనకండి, మొన్నమొన్నటిదాకా మనమందరం 1931 సెప్టెంబరు 15 అనే చదువుకున్నాం, ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తూ పోయారు, అడిగినవాళ్ళు లేరు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి చూస్తే తేలిందేమిటంటే, మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి బొంబాయిలో సెన్సారు సర్టిఫికెట్ వచ్చిందే 1932 జనవరి 22న. సర్టిఫికెట్టే చేతికి రాని సినిమా అంతకు నాలుగు నెలల ముందు ఎలా ఆడుతుందండీ? ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది. మీ పెద్దాయన అప్పటికీ ఒప్పుకోకపోతే ఇంకో లెక్క చెప్పండి. ప్రహ్లాద తీసిన హెచ్.ఎం. రెడ్డే తీసిన 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న వచ్చింది, దక్షిణాది మొదటి టాకీ అని పేరు దానికే ఉంది. ప్రహ్లాద సెప్టెంబరులోనే వచ్చి ఉంటే ఆ పేరు దీనికే రావాలి కదా.

తేదీ సరే, బ్యానరు మీద ఎవరి బొమ్మ వేస్తున్నారు? ఇలాంటి సభలన్నిటికీ దర్శకుడి ఫోటో ఒక్కటి పెట్టి దండేసి ఊరుకుంటారు, అదే నాకు నచ్చదు. ఈసారి లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయిది పెట్టండి. తెలుగు తెర మీద మాట్లాడిన మొదటి కథానాయిక ఆవిడే. కడప జిల్లా సురభి ఊళ్ళో 1885లో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబం వాళ్ళది. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చి స్టేజీ మీదే ఈవిడ పుట్టిందనీ, జనం అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారనీ చెప్పుకుంటారు. ఆవిడ 1971లో పోయారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య పేరు కూడా ఓ మూల వెయ్యండి. సినిమా వేసి చూపిద్దామనుకుంటే మాత్రం కుదరదు, ప్రింటు మిగల్లేదు.

ప్రశ్న: మా వైపు రాత్రంతా ప్రహ్లాద నాటకం ఆడతారు. అది ఒడియావాళ్ళదా, మనదా? అత్తగారికీ నాకూ రోజూ ఇదే వాదన. – ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: భాష ఒడియాయే, మధ్యలో సంస్కృత శ్లోకాలు. ఆ విషయంలో మీ అత్తగారే గెలిచారు. కానీ అది పుట్టింది జలంత్ర సంస్థానంలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. ఆ జలంత్రకోట ఇవాళ శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలో ఉంది. పాటల్లో దక్షిణాది రాగాల పోకడ ఎక్కువ. కాబట్టి సగం మార్కులు మీకూ వేసుకోండి. మెట్లు మెట్లుగా కట్టిన చెక్క వేదిక, దాని పైన సింహాసనం, కింద మద్దెల మోత, పాట అందుకునే గాహకుడు, ఆ మెట్ల మీద హిరణ్యకశిపుడు కాలు తాటించి ఎగిరెగిరి తిరగడం… ఆ వేషం కట్టేవాడికి ముందు కాళ్ళలో సత్తువ ఉండాలి, పద్యం తర్వాతి సంగతి.

ఇందులో ఇంకో తగువుంది. నాటకం రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద చలామణి అయింది. అసలు రాసింది ఆయన్ని ఆశ్రయించి ఉన్న గౌరహరి పరిచ్ఛా అని పరిశోధకులు అంటారు. జమీందారుల కాలంలో ఇలాంటివి బోలెడు. రాజుగారి పేరు అట్ట మీదికి ఎక్కుతుంది, రాసినవాడికి శాలువా దక్కితే అదే గొప్ప.

ప్రశ్న: మాది తెలుగు, మా ఆవిడది ఒడియా. తెలుగు సినిమా రోజు చేస్తే ఒడియా సినిమా రోజు ఏదీ అంటోంది. – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఏప్రిల్ 28. 1936లో ఆ రోజున పూరీ లక్ష్మీ టాకీస్‌లో 'సీతా బిబాహ' విడుదలైంది. తీసినాయన మోహన్ సుందర్ దేవ్ గోస్వామి. అప్పటికి ఒడిశా రాష్ట్రం పుట్టి నెల కూడా కాలేదు, ఏప్రిల్ 1నే కదా ఏర్పడింది. మీ ఊరివాళ్ళకి ఆ తేదీ వేరే రకంగా గుర్తుంటుంది, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయింది మీ ఊరిని ఒడిశాలో కలిపిన గొడవతోనే.

ఆ సినిమా ఖర్చు 29,781 రూపాయల పది అణాలు అని లెక్క దొరుకుతోంది. రాముడు వేసిన మఖన్‌లాల్ బెనర్జీకి 120 రూపాయలు, లక్ష్మణుడికి దారిఖర్చుల కింద 35 ఇచ్చారట. అందరికన్నా ఎక్కువ, 150 రూపాయలు, సీత వేసిన ప్రభాతీ దేవికి, ఎందుకంటే అప్పటికే సినిమాల్లో చేసిన అనుభవం ఆవిడకే ఉంది. ఇప్పటి హీరోలకి ఈ సంగతి చెప్పి చూడండి! రెండో ఒడియా సినిమా 'లలిత' రావడానికి 1949 దాకా ఆగాల్సొచ్చింది, పదమూడేళ్ళు. 2026 ఏప్రిల్ నాటికి మొదటిదానికి 90 ఏళ్ళు. మీ ఆవిడతో కలిసి అది కూడా చెయ్యండి, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: డిసెంబరు 4 వస్తే ఘంటసాల గారి పాటలు ఊరూరా వేస్తారు. ఆయనకి పాట నేర్పినాయన మనకి దగ్గరి ఊరివాడని విన్నాను, నిజమేనా? – ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: నిజమే. మీరు ఘాటు దిగి సుంకి మీదుగా విజయనగరం వెళ్తుంటే మధ్యలో వస్తుంది సాలూరు. పట్రాయని సీతారామశాస్త్రి గారిది ఆ ఊరే, సాలూరు చిన గురువుగారంటారు. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పేవారు. 1919లో మొదలైన ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల డబ్బుల్లేక జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మధుకరం ఎత్తుకుని చదువుకున్న రోజుల్లో, పైసా తీసుకోకుండా ఇంట్లో పెట్టుకుని నేర్పింది ఈయనే. 1900లో పుట్టి 1957లో పోయారు. శిష్యుడి పుట్టినరోజు అందరికీ కంఠతా, గురువుగారి పేరు చెబితే ఎవరాయన అంటారు.

ఆయన కొడుకు పట్రాయని సంగీతరావు గారి సంగతీ అంతే. ఏళ్ళ తరబడి ఘంటసాల దగ్గర సహాయకుడు, హార్మోనియం ఆయనదే. మద్రాసులో వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలు ఎన్నిటికో సంగీతం కట్టారు. నూరేళ్ళు నిండాక 2021లో కన్నుమూశారు. డిసెంబరు 4న మైకులో పాట వేసే ముందు ఈ తండ్రీకొడుకుల పేర్లు చెప్పడానికి అర నిమిషం చాలు, కొరాపుట్‌లో మీరే మొదలుపెట్టండి.

ప్రశ్న: అమ్మమ్మ ట్రంకుపెట్టెలో నాటక పద్యాల పాత రికార్డులు దొరికాయి, బూజు పట్టి ఉన్నాయి. శుభ్రం చెయ్యడం ఎలా? ఏ ఏడాదివో తెలుస్తుందా? – ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందుగా ఒక మాట, స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ దగ్గరికి రానివ్వకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరిగి గాడులే పోతాయి. మెత్తటి బట్టని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి బాగా పిండి, గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. వెంటనే పొడిబట్టతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే అప్పడంలా వంగిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి దాచండి. గ్రామఫోను ఉంటే పాత సూదితో వెయ్యకండి, స్టీలు సూది ఒక పక్క పాడాక మార్చెయ్యాలి.

ఏడాది లేబుల్ మీద సాధారణంగా ఉండదు. కానీ గాడి అయిపోయిన చోటుకీ లేబుల్‌కీ మధ్య నున్నటి జాగా ఉంటుంది చూడండి, రికార్డుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ నొక్కిన అంకెలు కనిపిస్తాయి. రికార్డింగు నాడు వేసిన నంబరు అది, లేబుల్ మీద అచ్చేసిన కేటలాగు నంబరు వేరు. ఈ రెండూ కలిపి చూస్తే తెలిసినవాళ్ళు ఏ కాలానిదో చెప్పగలరు. లేబుల్ మీద పేరుని కూడా పూర్తిగా నమ్మకండి. 1949లో హిందీ 'మహల్' సినిమా పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరే లేదు, ఆ పాట పాడే పాత్ర పేరు 'కామిని' అని వేశారు. నాటకం సెట్లయితే పక్కకి మూడు నిమిషాల చొప్పున కథ నాలుగైదు రికార్డులకి సాగుతుంది, కాబట్టి ఒకటి రెండు తగ్గినా పారెయ్యకండి, మిగతావి ఇంకెవరి పెట్టెలోనో ఉంటాయి. రెండు వైపులా లేబుల్ ఫోటోలు, ఆ నొక్కిన అంకెలు కనిపించేలా ఇంకో ఫోటో తీసి పంపండి. సెల్‌ఫోన్ ఫ్లాష్ మాత్రం ఆపెయ్యండి, అంకెలు మెరిసిపోయి ఏమీ కనిపించదు.