సైజును బట్టి బొమ్మల వర్గీకరణ

ప్రశ్న: తొమ్మిది బొమ్మల్ని మూడేసి చొప్పున మూడు గుంపులు చేయమనే రీజనింగ్ ప్రశ్నల్లో సైజు చూసి విడదీస్తే జవాబు తప్పుతోంది. ఎందుకు?

జవాబు: ముందు లెక్క చూడండి. పెద్దవి నాలుగు, మధ్యస్థం మూడు, చిన్నవి రెండు వచ్చాయంటే అక్కడ సూత్రం సైజు కాదు. గీతల సంఖ్యో, నలుపు నింపడమో అయ్యుంటుంది.

లెక్క కుదిరినా దేనితో పోల్చి పెద్దదంటున్నామో తేల్చుకోవాలి. పొరపాటు ఎక్కువగా ఇక్కడే. ఒక గడిలో పెద్ద చతురస్రం లోపల చిన్న వృత్తం, మరోదాంట్లో పెద్ద వృత్తం లోపల చిన్న చతురస్రం ఉంటే, చూడాల్సింది వృత్తం కొలత కాదు, లోపలిది ఏ ఆకారమన్నది. విడిగా ఒకే బొమ్మ ఉంటే గడి అంచుకూ దానికీ మధ్య ఖాళీ చూడండి. కంటిని నమ్మొద్దు: చుట్టూ పెద్ద వృత్తాలుంటే నడిమిది ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. కాగితం మీదైతే పెన్సిల్‌ను ఆనించి కొలవొచ్చు.

మూడు గుంపులూ తేల్చాల్సిన పనిలేదు. కచ్చితమైన ఒక్క గుంపు, ఉదాహరణకు 2, 5, 9 నంబర్ల బొమ్మలు, దొరికితే, అది లేని ఆప్షన్లు కొట్టేయండి. రెండు మిగిలితేనే రెండో గుంపు వెతకండి.